పొలం అమ్మకండి, ముందు ముప్పై ల్యాపులు చూడండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ఎరువుల దుకాణం నడుపుతున్నాను, మూడెకరాల మాగాణి ఉంది. మా అమ్మాయికి 16 ఏళ్లు, గుంటూరులో ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. నాలుగేళ్లుగా జూన్ వస్తే చాలు, ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల కారు రేసును రాత్రంతా మేల్కొని చూస్తోంది. స్పోర్ట్స్ కారు రేసింగ్ డ్రైవర్ అవుతానంటోంది. ఫార్ములా వన్ కాదట, ఇదే కావాలట. హైదరాబాద్‌లో మా బావమరిది ఇంటికి వెళ్లినప్పుడల్లా కార్టింగ్ (చిన్న రేసు బండ్లు నడిపే) ట్రాకుకు తీసుకెళ్లమని పట్టుబడుతుంది. పొలం అమ్మితే దీనికి సరిపోతుందా? అసలు ఇది బతుకుతెరువేనా? ఆడపిల్ల, పైగా ప్రాణాపాయం. వద్దని గట్టిగా చెప్పమంటారా?

జవాబు: అయ్యా, పొలం అమ్మకండి. వద్దని కూడా చెప్పకండి. ఈ రెండు మాటలూ ఒకే నోటితో ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను.

ఫార్ములా వన్ కాదు, ఇదే కావాలని మీ అమ్మాయి అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ పిల్ల మెరుపు చూసి ముచ్చటపడటం లేదు, ఆట తెలిసి అడుగుతోంది. ఫార్ములా వన్‌లో ప్రపంచం మొత్తానికీ ఉన్నవి ఇరవై, ఇరవై రెండు సీట్లు. లె మాన్స్‌లో ఒక్క రేసుకే ఇటీవల 62 కార్లు బరిలోకి దిగుతున్నాయి. కారుకు ముగ్గురు డ్రైవర్లు. అంటే 186 మంది. ఇలాంటివే అమెరికాలో డేటోనా 24 గంటలు, సెబ్రింగ్ 12 గంటలు, బెల్జియంలో స్పా 24 గంటలు, జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ 24 గంటలు. ఏడాది పొడవునా ఏదో ఒక ఖండంలో ఈ రేసులు నడుస్తూనే ఉంటాయి. కారు రేసింగ్‌లో డ్రైవర్‌గా జీతం తీసుకుని ఇరవై ఏళ్లు బతకగలిగే చోట్లు తక్కువ. ఉన్నవాటిలో ఇది ముఖ్యమైనది.

మీరు ఆ రేసు చూసి ఉండకపోవచ్చు కాబట్టి రెండు మాటలు చెబుతాను. 1923లో మొదలైంది. ట్రాకు చుట్టుకొలత 13.626 కిలోమీటర్లు. అందులో చాలా భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. మనకు శనివారం రాత్రి ఏడున్నరకు మొదలై ఆదివారం రాత్రి ఏడున్నరకు ముగుస్తుంది. రేసు కోసమే పుట్టిన హైపర్‌కార్లు, వాటికంటే కొంచెం నెమ్మదైన ఎల్‌ఎంపీ2 కార్లు, షోరూములో అమ్మే ఫెరారీ, పోర్షె వంటి వాటి నుంచి తయారుచేసిన జీటీ3 కార్లు, మూడు రకాలూ ఒకే దారిలో ఒకేసారి పరుగెడతాయి. గంటకు 330 కిలోమీటర్లు దాటి వచ్చే కారు చీకట్లో నెమ్మదైన కారును దాటాలి. నెమ్మదైన కారులో ఉన్నవారు అద్దంలో పడే లైట్ల వెలుగును బట్టే వెనక వచ్చేది ఎంత వేగమో అంచనా వేసి దారి ఇవ్వాలి. ఒక డ్రైవర్ ఏ ఆరు గంటల్లోనైనా నాలుగు గంటలకు మించి, మొత్తం మీద పద్నాలుగు గంటలకు మించి నడపకూడదని నియమం. మిగతా సమయంలో కారు మరొకరి చేతిలో ఉంటుంది.

ఈ వృత్తి గుణమంతా ఆ చివరి మాటలోనే ఉంది. నా కారు అనడానికి వీల్లేదు. ముగ్గురూ ఒకే సీటులో కూర్చోవాలి. పొడుగువాడికీ పొట్టివాడికీ కుదిరేలా సీటు లోపల ఎవరి దిండు వారు పెట్టుకుంటారు. కారు మలుపులో ఎలా తిరగాలన్న విషయంలో కూడా ముగ్గురూ ఒక మధ్యేమార్గానికి ఒప్పుకోవాలి. నాకు నచ్చినట్టు సరిచేయమంటే మిగతా ఇద్దరూ నెమ్మదిస్తారు. టైరు ఎంత మిగిలింది, ఇంధనం ఎన్ని ల్యాపులకు, అంటే ట్రాకు చుట్లకు, వస్తుంది, బ్రేకు పెడల్ ఎక్కడ మెత్తబడింది అన్నవన్నీ గమనించి, దిగేటప్పుడు తర్వాతివారికి అప్పగించాలి. ఒక్క ల్యాపులో అందరికంటే వేగంగా వెళ్లినవాడికి ఇక్కడ పెద్ద గిరాకీ లేదు. గంటసేపు ఒకే వేగంతో తిరిగి, కారుకు గీత పడకుండా తెచ్చి ఇచ్చేవాడికి ఉంది. ఇంట్లో మీ అమ్మాయి స్వభావం ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు. తన వస్తువును ఇంకొకరు వాడితే సహించలేని పిల్లా, లేక పని పంచుకుని చేసే పిల్లా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ ఈ వృత్తిలో ఇదే మొదటి ప్రశ్న.

ఈ ఆటలో అందరికంటే పెద్ద పేరు టామ్ క్రిస్టెన్సన్. డెన్మార్క్‌లో హోబ్రో అనే చిన్న ఊరివాడు. తండ్రిది పెట్రోలు బంకు. జర్మనీలో, ఆ తర్వాత జపాన్‌లో ఫార్ములా వన్‌కు దిగువ మెట్టయిన ఫార్ములా త్రీ ఛాంపియన్ అయ్యాడు, అయినా ఫార్ములా వన్‌లో రేసు సీటు దొరకలేదు. ఏళ్ల తరబడి జపాన్‌లో నడిపాడు. 1997లో, దాదాపు ముప్పై ఏళ్ల వయసులో, లె మాన్స్‌కు కొద్ది రోజుల ముందు ఒక జట్టులో ఖాళీ ఏర్పడి కబురొచ్చింది. మిషెలె అల్బొరెటో, స్టెఫాన్ యోహాన్సన్‌లతో కలిసి నడిపి, మొదటిసారి దిగిన రేసులోనే గెలిచాడు. ఆ తర్వాత 2000 నుంచి 2005 వరకు వరుసగా ఆరుసార్లు, మళ్లీ 2008లో, చివరగా 2013లో. మొత్తం తొమ్మిది. చివరిసారి గెలిచేనాటికి ఆయన వయసు 45. మిగతా ఆటల్లో ఆ వయసుకు వ్యాఖ్యానం చెప్పుకుంటూ ఉంటారు. అనుభవానికి ఇక్కడ అంత విలువ ఉంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మీరు అడిగిన అసలు ప్రశ్న ఇదే, దీని గురించి పిల్లలకు ఎవరూ సరిగా చెప్పరు.

మెడిసిన్ సీటుకు ఫీజు కట్టినట్టు రేసింగ్ సీటుకు కట్టి, ఇక నిశ్చింతగా ఉండవచ్చని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. అలా కాదు. ప్రతి సీజనుకూ మళ్లీ కట్టాలి. యూరప్‌లో ఫార్ములా ఫోర్ స్థాయిలో ఒక్క ఏడాది నడపడానికే మన డబ్బులో కోట్లు అవుతుంది. ఫార్ములా ఫోర్ అంటే మెట్లలో మొదటిదని గుర్తుంచుకోండి. కొన్నేళ్ల కిందట ఒక తండ్రి నా దగ్గరకు వచ్చారు. అప్పటికే ఇల్లు తాకట్టు పెట్టి కొడుక్కి విదేశంలో ఒక సీజను కొన్నారు. అబ్బాయి బాగానే నడిపాడు, ఒకసారి మూడో స్థానంలో కూడా వచ్చాడు. రెండో ఏడాదికి డబ్బు లేదు. ఆ ఒక్క ఏడాది ఫలితాలతో ఏ జట్టూ పిలవలేదు. ఇల్లు పోయింది. అంతకంటే బాధాకరం, తన వల్లే పోయిందన్న భారం ఆ అబ్బాయి మీద పడింది. ఆ తర్వాత అతను ట్రాకు వైపు వెళ్లలేదు. మీ ఉత్తరంలో పొలం అన్న మాట చూడగానే నాకు ఆ ఇంటి గుమ్మం గుర్తొచ్చింది.

మరి డబ్బు ఎవరు పెడతారు? స్పోర్ట్స్ కారు రేసింగ్‌లో దీనికి ఒక విచిత్రమైన, పారదర్శకమైన పద్ధతి ఉంది. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ డ్రైవర్లను నాలుగు తరగతులుగా విడగొడుతుంది: ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్. పైరెండూ అనుభవజ్ఞులైన వృత్తి డ్రైవర్లవి. బ్రాంజ్‌లో చాలామంది వ్యాపారంలో బాగా సంపాదించి, నడివయసులో ఇష్టం కొద్దీ రేసింగ్‌కు వచ్చినవారు. లె మాన్స్ వంటి దీర్ఘ రేసుల పోటీ అయిన ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్‌లోని జీటీ3 విభాగంలో ప్రతి కారులో ముగ్గురిలో ఒకరు బ్రాంజ్ అయి తీరాలి, ఇంకొకరు సిల్వర్‌కు మించకూడదు. ఆ బ్రాంజ్ డ్రైవరే చాలా జట్లలో ఖర్చులో పెద్ద భాగం భరిస్తాడు. తన పక్కన ఎవరిని పెట్టుకోవాలో కూడా చాలాసార్లు ఆయనే చెబుతాడు.

ఇది తెలిస్తే ఉద్యోగం ఎక్కడ ఉందో కనిపిస్తుంది. కార్ల కంపెనీల జీతం మీద నడిపే డ్రైవర్లు కొద్దిమందే. మిగతా వృత్తి డ్రైవర్లు ఆ వ్యాపారవేత్తల వెంట ఉండి, వారికి నడపడం నేర్పి, వారితో కలిసి రేసు చేసి బతుకుతారు. రేసు లేని రోజుల్లో కోచింగ్, కంపెనీల కొత్త కార్ల పరీక్ష, సిమ్యులేటర్ (తెర మీద ట్రాకును చూపే నకలు కారు) మీద పని. టీవీలో ఇదేమీ కనిపించదు కానీ ఇంటి అద్దె కట్టేది అదే. వేగంగా నడిపే సిల్వర్ డ్రైవర్ అంటే జట్లకు ప్రత్యేకమైన ఆశ. తరగతి తక్కువ, వేగం ఎక్కువ కాబట్టి. మీ అమ్మాయి ఎప్పుడైనా ఆ ప్రపంచంలోకి అడుగుపెట్టడమంటూ జరిగితే ఆ సన్నని తలుపు గుండానే జరుగుతుంది. అందుకే ఇంకొకరికి ఓపికగా నేర్పగలగడం, ఇంగ్లీషులో ఇంజనీరుకు కారు పరిస్థితిని తడబాటు లేకుండా వివరించగలగడం ఇక్కడ అలంకారాలు కావు, సగం అర్హత.

మనవాళ్ల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. లె మాన్స్‌లో రేసు నడిపిన తొలి భారతీయుడు చెన్నైకి చెందిన కరుణ్ చందోక్, 2012లో. తొలి ప్రయత్నంలోనే ఆయన జట్టు మొత్తం మీద ఆరో స్థానంలో నిలిచింది. నిజానికి ఆ గౌరవం మూడేళ్ల ముందే కోయంబత్తూరు నరైన్ కార్తికేయన్‌కు దక్కాల్సింది. 2009లో క్వాలిఫై అయ్యి కూడా, రేసుకు కాస్త ముందు పిట్ (కారు ఆపి టైర్లు మార్చి ఇంధనం పోసే చోటు) గోడ దాటుతూ పడటంతో భుజం స్థానం తప్పి నడపలేకపోయారు. తర్వాత బెంగళూరు అర్జున్ మైనీ లె మాన్స్‌లోనూ, జర్మనీలో డీటీఎం అనే కారు రేసు పోటీలోనూ నడిపారు. హైదరాబాద్ నుంచి అనిందిత్ రెడ్డి జాతీయ స్థాయి వరకు వచ్చి గెలిచారు. కానీ ఒకటి గమనించండి. కరుణ్ తండ్రి ర్యాలీ డ్రైవర్, తాత మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వ్యవస్థాపకుల్లో ఒకరు. నరైన్ తండ్రి కూడా ర్యాలీలు గెలిచినవారే. అర్జున్‌ది పారిశ్రామిక కుటుంబం. ఈ పిల్లలు నడక నేర్చిన ఇళ్లలోనే పెట్రోలు వాసన ఉంది. మీ ఇంట్లో యూరియా బస్తాలు ఉన్నాయి. అది తక్కువ కాదు, సిగ్గుపడే విషయం అసలే కాదు. కానీ మీ దారి వారి దారి కాలేదు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల రేసు జరిగినప్పుడు మన పిల్లల్లో ఈ ఆశలు బాగా పెరిగాయి. ఆ ఏడాది నా దగ్గరకు వచ్చిన ప్రశ్నల్లో రేసింగ్ గురించి ఉన్నవి అంతకు ముందు ఎన్నడూ లేనన్ని. సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్ జట్టు 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో తన విభాగంలో మూడో స్థానం తెచ్చుకున్నప్పుడు మళ్లీ ఒక విడత వచ్చాయి. ఆయన తన సంపాదనతో, యాభై దాటాక, ఇష్టమైన పని చేస్తున్నారు. గౌరవించదగ్గ సంగతే. అయితే ఆయన మార్గం పదహారేళ్ల పిల్లకు మార్గం కాదు.

మరి మీ దారి ఏమిటి? కార్టింగ్‌తో ఏడెనిమిదేళ్లకే మొదలుపెట్టే పిల్లలతో పోలిస్తే 16 ఆలస్యమే. కాదనను. అయితే స్పోర్ట్స్ కార్ల లోకం ఆలస్యంగా వచ్చినవారిని పూర్తిగా తోసిపుచ్చదు. వీడియో గేములో పోటీపెట్టి, గెలిచినవారికి శిక్షణ ఇచ్చి నిజమైన కారు ఎక్కించే జీటీ అకాడమీ అనే పథకం ఒకప్పుడు ఉండేది. స్పెయిన్‌కు చెందిన లూకాస్ ఒర్డోనెజ్ 2008లో అలా గెలిచి, 2011లో లె మాన్స్‌లో ఎల్‌ఎంపీ2 విభాగంలో రెండో స్థానంలో నిలిచాడు. ఆ పథకం ఇప్పుడు లేదు. కానీ మంచి స్టీరింగు చక్రం, పెడళ్లతో ఇంట్లో కూర్చుని ట్రాకులు నేర్చుకోవచ్చని, ఆ నేర్పు నిజమైన కారులో పనికొస్తుందని అది రుజువు చేసింది. ట్రాకు మీద ఒక్క వారాంతం పెట్టే ఖర్చుకు సిమ్యులేటర్ సరంజామా వస్తుంది, ఏళ్ల తరబడి ఉంటుంది.

మన దేశంలో రేసు చేయడానికి ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా ఇచ్చే పోటీ లైసెన్సు కావాలి. రోడ్డు మీద నడిపే డ్రైవింగ్ లైసెన్సుకూ దీనికీ సంబంధం లేదు. 18 నిండనివారికి తల్లిదండ్రుల అంగీకారపత్రం, వైద్య పరీక్ష పత్రం తప్పనిసరి. జాతీయ పోటీలకు పేరున్న ట్రాకులు తెలుగు నేలకు వెలుపలే ఉన్నాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వే, ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్. ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులలో కొద్ది రోజుల శిక్షణ ఇచ్చే బడులు ఉన్నాయి. అక్కడి నుంచి ఎల్‌జీబీ ఫార్ములా ఫోర్ అనే జాతీయ పోటీ మొదటి మెట్టు. పేరు ఒకటే అయినా యూరప్ ఫార్ములా ఫోర్ వేరు, ఇది వేరు. కారు కొననక్కర్లేదు, జట్టు దగ్గర అద్దెకు తీసుకోవచ్చు. ఖర్చు లక్షల్లో ఉంటుంది, కోట్లలో కాదు.

నా మాటగా ఒక పద్ధతి పెట్టుకోండి. ఇంటర్ తర్వాత పిల్ల ఇంజనీరింగ్‌లో చేరితే ఏడాదికి ఎంత ఫీజు కట్టగలరని అనుకున్నారో, అంత సొమ్ము మాత్రమే రేసింగ్ శిక్షణకు పక్కన పెట్టండి. అది అప్పు కాకూడదు, పొలం కాకూడదు, పెళ్లికని దాచింది కూడా కాకూడదు. అది అయిపోయిన రోజున ఆగుతామని ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. పిల్ల ఎదుటే మాట్లాడుకోండి. ఆ హద్దు తెలిసిన పిల్ల ప్రతి ల్యాపునూ లెక్కపెట్టుకుని నడుపుతుంది.

చదువు ఆపవద్దు. ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరనివ్వండి. కాలేజీ విద్యార్థులే రేసు కారు తయారుచేసి పోటీపడే ఫార్ములా భారత్ ఏటా కోయంబత్తూరులోని ఆ కారి ట్రాకు మీదే జరుగుతుంది. తయారుచేసిన కారును ఎవరో ఒకరు నడపాలి కదా. ఆ సీటు డబ్బు పెట్టి కొనేది కాదు. స్నేహా శర్మ అనే ముంబయి అమ్మాయి విమానాల పైలట్ ఉద్యోగం చేస్తూ జాతీయ పోటీల్లో కారు నడిపింది. చేతిలో ఒక ఉద్యోగం ఉంది. నేను చూసినంతలో మన మధ్యతరగతి పిల్లలకు అన్నిటికంటే నమ్మదగిన దారి అదే.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. లీనా గేడ్. భారతీయ కుటుంబానికి చెంది ఇంగ్లండులో పుట్టిన అమ్మాయి, మాంచెస్టర్‌లో ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివింది. 2011 లె మాన్స్‌లో ఆడీ మూడు కార్లు దింపింది. రెండు కార్లు ఘోరంగా ప్రమాదానికి గురయ్యాయి, ఒకటి మొదటి గంటలోనే, ఒకటి రాత్రి. ఇద్దరు డ్రైవర్లూ ప్రాణాలతో బయటపడ్డారు. మిగిలింది ఒకే కారు, ఎదురుగా ప్రత్యర్థి కంపెనీ ప్యూజో దించిన మూడు కార్లు. ఆ ఒక్క కారుకు రేస్ ఇంజనీరు లీనా. ఎప్పుడు పిట్‌కు రావాలి, ఎప్పుడు టైర్లు మార్చాలి, ఎంత ఇంధనం పోయాలి, అన్నీ రేడియోలో ఆమె గొంతు చెప్పాల్సిందే. 24 గంటల తర్వాత ఆ కారు 13.854 సెకన్ల తేడాతో గెలిచింది. లె మాన్స్ గెలిచిన తొలి మహిళా రేస్ ఇంజనీరు ఆమె. 2012లో, 2014లో మళ్లీ గెలిచింది. మీ అమ్మాయి రాత్రంతా మేల్కొని చూసే ఆ రేసులో స్టీరింగు పట్టుకోకుండా కూడా గెలవవచ్చు. ఎంపీసీ పుస్తకాల్లోని లెక్కలే ఆ గదిలో పనికొస్తాయి. రేసింగ్ జట్టులో డ్రైవర్లు ముగ్గురైతే ఇంజనీర్లు, డేటా చూసేవారు, మెకానిక్‌లు అంతకు ఎన్నో రెట్లు.

ఆడపిల్ల అన్నారు. ఈ ఆటలో ఆడవారికి వేరే రేసు లేదు, అదే ట్రాకు, అదే గడియారం. 2023లో ఐరన్ డేమ్స్ జట్టు తరఫున సారా బోవీ, మిషెల్ గాటింగ్, రాహెల్ ఫ్రై బహ్రెయిన్ 8 గంటల రేసులో తమ విభాగంలో గెలిచారు. ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్‌లో ముగ్గురూ మహిళలే ఉన్న జట్టు గెలవడం అదే మొదటిసారి. కాబట్టి ఆ ఒక్క కారణంతో మాత్రం వద్దనకండి.

ప్రాణాపాయం అన్నారు. అది నిజం, తేలిక చేసి చెప్పను. 2013లో, క్రిస్టెన్సన్ తొమ్మిదోసారి గెలిచిన రేసులోనే, ఆయన దేశస్థుడే అయిన అలన్ సిమన్‌సన్ మొదటి పావుగంటలోపే ప్రమాదంలో చనిపోయాడు. హెల్మెట్‌ను భుజాలకు కట్టిపట్టే హాన్స్ పరికరం, మంటలకు తట్టుకునే దుస్తులు, కారుకు గట్టి కార్బన్ చట్రం, ఇవన్నీ వచ్చి ప్రమాదం ఎంతో తగ్గింది కానీ పోలేదు. తండ్రిగా మీ భయం సహజం. దాన్ని పిల్లతో చెప్పండి. కోపంగా కాకుండా, భయంగానే చెప్పండి. ఏ మోటారు వాహనమైనా సరే, రోడ్డు మీద వేగంగా నడిపిన రోజున ఇదంతా ఆగిపోతుందని కూడా చెప్పండి. ఆ షరతు మీద బేరం ఉండకూడదు.

అమ్మా, ఇది నీకు. నాన్నగారు ఈ జవాబు నీకు చూపిస్తారని నమ్ముతున్నాను. ఈ దసరా సెలవుల్లో మామయ్య ఇంటికి వెళ్లినప్పుడు కార్టింగ్ ట్రాకులో ఒక్కసారి వేగంగా తిరిగి దిగిపోకు. రద్దీ లేని ఉదయం పూట వెళ్లి, ముప్పై ల్యాపులు ఏకబిగిన నడుపు. చివరి పది ల్యాపుల్లో నీ మెడ, చేతులు ఏమంటాయో విను. దిగాక వారు ల్యాపు సమయాల కాగితం అచ్చువేసి ఇస్తారు. అందులో నీ అత్యంత వేగమైన ల్యాపును చూడకు. ఇరవై ఒకటో ల్యాపు నుంచి ముప్పయ్యో ల్యాపు వరకు ఉన్న పది అంకెల మధ్య తేడా ఎంతో చూడు. మర్నాడు అదే పని మళ్లీ చెయ్యి. రెండు కాగితాలూ నాన్నగారితో నాకు పంపించు. వాటిని చూశాక కోయంబత్తూరు శిక్షణ సంగతి ముగ్గురం మాట్లాడుకుందాం.